బీఎస్ 6 లారీ మైలేజీ తింటుందా, ఇస్తుందా: ఒకే ఇంట్లో రెండు జవాబులు ఎందుకొస్తున్నాయి

మా బాబాయికి రెండు బళ్లున్నాయి. రెండూ బీఎస్ 6వే, అంటే 2020లో వచ్చిన కొత్త పొగ రూల్ ప్రకారం తయారైనవే, రెండూ ఒకే కంపెనీవి, ఇంజిన్ కూడా దాదాపు ఒకటే. ఒకటి పన్నెండు టైర్ల లారీ, విజయవాడ నుంచి అటు చెన్నై, ఇటు హైదరాబాద్ లైన్‌లో తిరుగుతుంది. రెండోది టిప్పరు, క్వారీ నుంచి కంకర తోలుతుంది. లారీ గురించి అడిగితే "పాత బండి కన్నా నయంరా, డీజిల్ తక్కువ తాగుతోంది" అంటాడు. టిప్పరు గురించి అడిగితే ఆయన అనే మాటలు ఇక్కడ రాయలేను. ఆ పొగ రూల్స్ పెట్టినోళ్లని, ఆ ఫిల్టర్ కనిపెట్టినోళ్లని, చివరికి ఆ బండి కొనమని సలహా ఇచ్చిన వాళ్లని, అంటే నన్ను కూడా కలిపి, వరసపెట్టి తిడతాడు.

ఇది ఆయనొక్కడి గొడవ కాదు. లారీ ఓనర్లు నలుగురు కూర్చున్న చోట ఈ వాదన రాకుండా ఉండదు. బీఎస్ 6 వచ్చాక మైలేజీ పడిపోయిందని సగం మంది, పెరిగిందని సగం మంది, కంపెనీల బ్రోషర్లేమో పెరిగిందనే. దీనికి తోడు ఇప్పుడు ఢిల్లీ గొడవొకటి: అక్కడ రిజిస్టర్ కాని సరుకు బళ్లలో బీఎస్ 4 కన్నా పాతవాటిని 2025 నవంబర్ 1 నుంచి నగరంలోకి రానివ్వబోమన్నారు, బీఎస్ 4 బళ్లకు 2026 అక్టోబర్ 31 వరకు గడువిచ్చారు. మన దగ్గర్నుంచి ఆజాద్‌పూర్ మండీకి మామిడి, అరటి తీసుకెళ్లే వాళ్లు బండి మార్చాలా వద్దా అని లెక్కలేసుకుంటున్నారు, ఆ లెక్కలో మొదటి ప్రశ్న మైలేజీయే కదా. అందుకని ఈ చిక్కుముడిని మొదట్నుంచీ విప్పి చూద్దాం.

రూల్‌లో మైలేజీ ఊసే లేదు

బీఎస్ అంటే భారత్ స్టేజ్. లారీ ఇంజిన్ ఒక యూనిట్ పని, అంటే ఒక కిలోవాట్ అవర్ శక్తి ఇచ్చినప్పుడు గొట్టంలోంచి ఎన్ని గ్రాముల విషం రావచ్చో చెప్పే హద్దు అది, అంతే. కిలోమీటరుకు ఇంత డీజిల్ మించి తాగకూడదని అందులో ఎక్కడా ఉండదు.

లారీల విషయంలో రెండు విషాలు ముఖ్యం. ఒకటి మసి, అంటే కంటికి కనిపించే నల్ల పొగ, దాంతో పాటు కనిపించని సన్న రేణువులు. రెండోది నాక్స్, అంటే నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఏర్పడే వాయువులు. బీఎస్ 3లో నాక్స్ హద్దు 5 గ్రాములు. బీఎస్ 4లో 3.5. బీఎస్ 6లో, బండి నిజంగా తిరిగే తీరును పోలిన పరీక్షలో 0.46. మసి హద్దు బీఎస్ 3లో 0.1 గ్రాము ఉండేది, బీఎస్ 6కి వచ్చేసరికి 0.01. అంటే నాక్స్ పదకొండో వంతుకి, మసి పదో వంతుకి దిగాలి. మధ్యలో బీఎస్ 5 ఉండాల్సింది, 2016లో కేంద్రం దాన్ని దాటేసి నేరుగా 6కి వెళ్తామని తేల్చింది. బీఎస్ 4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1న వస్తే, మూడేళ్లకే 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చేసింది. యూరప్ చాలా ఏళ్లు తీసుకుని మెట్టుమెట్టుగా ఎక్కినదాన్ని మనవాళ్లు ఒక్క అంగలో ఎక్కారన్నమాట. మెకానిక్‌లకు, డ్రైవర్లకు అలవాటు పడే టైమ్ దొరకలేదనేది వాస్తవం.

డీజిల్ కూడా మారింది. బీఎస్ 3 కాలంలో గంధకం 350 పీపీఎం, అంటే పది లక్షల్లో 350 భాగాల దాకా ఉండొచ్చు, బీఎస్ 4కి 50, ఇప్పుడు 10. గంధకం ఎక్కువుంటే పొగ గొట్టంలోని ఫిల్టర్లు, విషాన్ని మార్చేసే క్యాటలిస్టులు పాడైపోతాయి కాబట్టి ముందు డీజిల్‌ని శుభ్రం చేయాల్సొచ్చింది. ఆ శుభ్రం చేసే పనిలో డీజిల్ కొంచెం తేలికవుతుంది, లీటరుకు ఉండే శక్తి సుమారు ఒక శాతం తగ్గొచ్చు. "ఈ డీజిల్‌లో మునుపటి బలం లేదు" అనే పాత డ్రైవర్ల మాటలో ఆ ఒక్క శాతం మేరకు నిజం ఉంది, మిగతాది అలవాటు.

మంట వేడెక్కితే మైలేజీ వస్తుంది, నాక్స్ కూడా వస్తుంది

అసలు పీటముడి ఇక్కడుంది.

వంటింట్లో గ్యాస్ పొయ్యి గుర్తు తెచ్చుకోండి. బర్నర్ కన్నాలు శుభ్రంగా ఉంటే మంట నీలంగా, సూటిగా వస్తుంది, గిన్నె తొందరగా కాగుతుంది, అడుగు తెల్లగా ఉంటుంది. కన్నాలు మూసుకుపోయి గాలి చాలకపోతే మంట పసుపు రంగులోకి తిరుగుతుంది, గిన్నె అడుగున మసి పడుతుంది, గ్యాస్ ఎక్కువ ఖర్చవుతుంది. డీజిల్ ఇంజిన్ కూడా అంతే. సిలిండర్‌లో మంట ఎంత వేడిగా, ఎంత పూర్తిగా మండితే అంత శక్తి, అంత తక్కువ మసి. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా అది దేనితోనూ కలవదు, దాని మానాన అది ఉంటుంది. మంట మరీ వేడెక్కితే మాత్రం ఆక్సిజన్‌తో కలిసి నాక్స్ అవుతుంది. అంటే మైలేజీ ఇచ్చే వేడే నాక్స్‌ని పుట్టిస్తుంది. నాక్స్ తగ్గించాలని మంటని చల్లబరిస్తే మసి పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. పాత మెకానిక్‌లు పంపు టైమింగ్ కొంచెం ముందుకి తిప్పితే బండికి పికప్, మైలేజీ వచ్చేవి గుర్తుందా, అది ఈ సూత్రమే. పిస్టన్ పైకి చేరే ముందే కాస్త తొందరగా డీజిల్ చిమ్మితే మంట గట్టిగా తగులుకుంటుంది, నాక్స్ కూడా బాగా లేస్తుంది. టైమింగ్ వెనక్కి తిప్పితే నాక్స్ తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

సాఫ్ట్‌వేర్‌తో టైమింగ్ తిప్పిన ఏడు కంపెనీలు

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, కోర్టు దాకా వెళ్లిన సంగతి. 1998 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వం ఏడు ఇంజిన్ కంపెనీలతో పెద్ద సెటిల్‌మెంట్ చేసుకుంది. క్యాటర్‌పిల్లర్, కమిన్స్, డెట్రాయిట్ డీజిల్, మాక్, నావిస్టార్, రెనో, వోల్వో. ఈ కంపెనీల ఇంజిన్ కంప్యూటర్లు ల్యాబ్ పరీక్షలో ఒకలా, హైవే మీద ఒకలా నడిచేవన్నది ఆరోపణ. లారీ ఒకే స్పీడ్‌లో చాలాసేపు పోతోందని కనిపెట్టగానే కంప్యూటర్ టైమింగ్‌ని ముందుకి జరిపేసేది. దాంతో మైలేజీ బ్రహ్మాండంగా వచ్చేది, నాక్స్ మాత్రం హద్దుకి మూడు రెట్ల దాకా పోయేది. జరిమానాలు, దిద్దుబాటు ఖర్చులు అన్నీ కలిపి ఆ సెటిల్‌మెంట్ విలువ దాదాపు 100 కోట్ల డాలర్లు.

ఫోక్స్‌వ్యాగన్ కార్ల గొడవ కన్నా పదిహేడేళ్ల ముందు మాట ఇది. ఇన్ని కంపెనీలు ఇంత రిస్క్ ఎందుకు తీసుకున్నాయంటే, లారీ కొనేవాడు ముందు అడిగేది మైలేజీ కాబట్టి. నాక్స్‌కీ మైలేజీకీ మధ్య బేరం ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

లోపలే ఆపడం, బయటికొచ్చాక కడగడం

మరి నాక్స్ తగ్గించాలంటే ఎలా? దారులు రెండు.

మొదటిది, నాక్స్‌ని సిలిండర్‌లో పుట్టకుండానే ఆపడం. ఇంజిన్ వదిలిన పొగలో కొంత చల్లార్చి మళ్లీ లోపలికే పంపుతారు, దీన్ని ఈజీఆర్ అంటారు. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట మెత్తబడుతుంది, నాక్స్ తగ్గుతుంది. బదులుగా మసి పెరుగుతుంది, పొగని చల్లార్చే కూలర్ భారం రేడియేటర్ మీద పడుతుంది, డీజిల్ కొంచెం ఎక్కువ కాలుతుంది.

రెండోది, ఇంజిన్‌ని దాని ఇష్టానికి వేడిగా, గట్టిగా మండనిచ్చి, పుట్టిన నాక్స్‌ని గొట్టంలో కడిగేయడం. దీన్ని ఎస్‌సీఆర్ అంటారు. మనవాళ్లు యూరియా అనో, ఆడ్‌బ్లూ అనో, డీఈఎఫ్ అనో పిలిచే నీళ్లు ఇక్కడే ఖర్చవుతాయి. అందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. దాన్ని వేడి పొగలోకి చిమ్మితే యూరియా విడిపోయి అమ్మోనియా వస్తుంది, క్యాటలిస్టు మీద ఆ అమ్మోనియా నాక్స్‌తో కలిసి మామూలు నైట్రోజన్, నీటి ఆవిరి అయిపోతుంది. కడిగే పని గొట్టానిది కాబట్టి ఇంజిన్ టైమింగ్‌ని మళ్లీ మైలేజీ వైపు తిప్పుకోవచ్చు.

అమెరికాలో ఈ రెండు దారుల కథ వరసగా నడిచింది. 2002 చివర్లో ఈజీఆర్ వచ్చింది, డీజిల్ ఖర్చు పెరిగిందని లారీల వాళ్లు గోల పెట్టారు. 2007లో మసి ఫిల్టర్ దానికి తోడైంది, గోల ఇంకా పెరిగింది. 2010లో నాక్స్ హద్దు ఇంకా బిగిసినప్పుడు చాలా కంపెనీలు ఎస్‌సీఆర్ పెట్టాయి, విచిత్రంగా రూల్ కఠినమైన ఆ ఏడాదే మైలేజీ మళ్లీ కోలుకుంది. ఒక్క నావిస్టార్ మాత్రం యూరియా అక్కర్లేకుండా ఈజీఆర్‌తోనే గట్టెక్కుతానని మొండికేసింది, కుదరక 2012లో ఎస్‌సీఆర్ వైపు తిరిగింది.

మన దేశంలోనూ బీఎస్ 4 అప్పుడు ఇలాంటి చీలికే వచ్చింది. అశోక్ లేలాండ్ యూరియా అక్కర్లేని ఈజీఆర్ పద్ధతిని అమ్మింది, బంకు దగ్గర యూరియా కోసం వెతుక్కునే పని లేదని ఓనర్లకు అది నచ్చింది కూడా. పెద్ద బళ్లకు టాటా, భారత్‌బెంజ్ లాంటివి ఎస్‌సీఆర్‌కి వెళ్లాయి. బీఎస్ 6 హద్దు 0.46 దగ్గరికొచ్చేసరికి పెద్ద లారీల్లో యూరియా ట్యాంకు లేకుండా ఎవరికీ సాగలేదు. కాబట్టి "బీఎస్ 6 మైలేజీ ఎంత" అని అడిగితే "దేనితో పోల్చి" అని తిరిగి అడగాలి. ఈజీఆర్ మీద ఎక్కువ ఆధారపడిన బండి నుంచి వచ్చినవాడికి మెరుగ్గా కనిపిస్తుంది, బాగా ట్యూన్ చేసిన పాత బీఎస్ 3 పంపు బండి నుంచి వచ్చినవాడికి అంతగా తేడా కనిపించదు.

యూరియా బిల్లు ఏ కాలమ్‌లో రాస్తున్నారు

బాబాయి పుస్తకం చూస్తే నాకు సగం గొడవ అర్థమైంది. ఆయన యూరియా బకెట్ల ఖర్చు డీజిల్ కాలమ్‌లో రాయడు, "రిపేర్లు, ఇతరాలు"లో రాస్తాడు. పక్క షెడ్డు ఓనరేమో డీజిల్‌లోనే కలిపి రాస్తాడు. ఇద్దరి లారీలూ ఒకే లైన్‌లో తిరుగుతాయి. ఈయనకి మైలేజీ పెరిగినట్టు, ఆయనకి ఎక్కడి గొంగళి అక్కడే ఉన్నట్టు అనిపించడంలో వింతేముంది.

ఒక లెక్క వేద్దాం. ధరలు ఊరికొకలా ఉంటాయి కాబట్టి డీజిల్ లీటరు 97 రూపాయలు, డీఈఎఫ్ లీటరు 60 రూపాయలు అనుకుందాం. బండి ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరుగుతుంది. పాత బీఎస్ 3 బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి 25,000 లీటర్లు, అంటే 24.25 లక్షలు. కొత్త బండి 4.3 ఇస్తే దాదాపు 23,256 లీటర్లు, అంటే 22.56 లక్షలు. డీజిల్‌లో మిగిలింది 1.69 లక్షలు. డీఈఎఫ్ డీజిల్‌లో 5 శాతం అనుకుంటే 1,163 లీటర్లు, దానికి 70 వేలు. చివరికి చేతిలో మిగిలేది లక్షకి కొంచెం తక్కువ.

ఇంకో రకంగా చూడండి, ఇది ఇంకా తేలిక. వంద లీటర్ల డీజిల్‌కి అయిదు లీటర్ల డీఈఎఫ్ పోతుంది కాబట్టి లీటరు డీజిల్ వెంట మూడు రూపాయల యూరియా ఉన్నట్టే. అంటే బీఎస్ 6 బండి ఓనర్‌కి డీజిల్ 97 కాదు, 100. పాత బండికి కిలోమీటరుకు 24 రూపాయల 25 పైసలు పడేది. కొత్త బండి దానికి సమానం కావాలన్నా లీటరుకు 4.12 ఇవ్వాలి. 4.1 ఇస్తే మైలేజీ పెరిగినట్టే కనిపిస్తుంది, జేబులోంచి మాత్రం ఏడాదికి పద్నాలుగు వేలు అదనంగా పోతాయి. "మైలేజీ పెరిగింది, కానీ డబ్బు మిగల్లేదు" అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు, కంపెనీ బ్రోషరూ అబద్ధం చెప్పట్లేదు.

రోడ్డు పక్కన నిలబడి డీజిల్ తాగే బండి

ఇప్పుడు టిప్పరు సంగతికొద్దాం, బాబాయి తిట్లకు అసలు కారణం ఇదే.

మసిని ఆపేది డీపీఎఫ్ అనే ఫిల్టర్. సైలెన్సర్ ఉండే చోట పెద్ద డబ్బాలాగా కనిపిస్తుంది, లోపల తేనెపట్టులా సన్నటి గదులు. పొగ ఆ గోడల్లోంచి బయటికి పోతుంది, మసి లోపల ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న మసి పేరుకుంటే పొగకి దారి ఇరుకై, వెనక్కి తన్నే ఒత్తిడి పెరిగి, ఇంజిన్ తన శక్తిలో కొంత పొగని నెట్టడానికే ఖర్చుపెట్టాలి. కాబట్టి ఆ మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి. దీన్నే రీజనరేషన్ అంటారు, డ్రైవర్ల భాషలో రీజెన్.

హైవే మీద లోడుతో గంటల తరబడి పోయే లారీలో పొగ బాగా వేడిగా ఉంటుంది కాబట్టి మసి దానంతటదే మెల్లగా కాలిపోతూ ఉంటుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. టిప్పరు అలా కాదు. క్వారీలో లోడింగ్ కోసం అరగంట ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడుతుంది, నాలుగు కిలోమీటర్లు పోతుంది, పోస్తుంది, ఖాళీగా తిరిగొస్తుంది, మళ్లీ నిలబడుతుంది. పొగ వేడెక్కే లోపే ఆగిపోతుంటుంది. మసి పేరుకుంటుంది. అప్పుడు కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టర్‌లో 550, 600 డిగ్రీల వేడి పుట్టిస్తుంది. ఆ డీజిల్ బండిని ఒక్క అడుగు కూడా ముందుకి నడపదు, మసిని కాల్చడానికే పోతుంది.

ఒకసారి నేనక్కడే ఉన్నాను. డాష్‌బోర్డ్ మీద పసుపు దీపం వెలిగింది, డ్రైవర్ బండి పక్కకి తీసి, చుట్టూ ఎండుగడ్డి లేని చోటు చూసుకుని ఆపి, బటన్ నొక్కాడు. ఇంజిన్ ఎవరూ ఎక్సిలేటర్ తొక్కకుండానే గట్టిగా అరవడం మొదలుపెట్టింది. గొట్టం దగ్గర గాలి ఎండమావిలా ఊగుతోంది, అంత దూరం నుంచే ముఖానికి సెగ తగులుతోంది. మేము టీ తాగేసి, క్లీనర్ కుర్రాడు ఫోన్లో రీల్స్ అన్నీ చూసేసినా అది ఆగలేదు. "అన్నా, ఇది నిలబడి తాగుద్ది, నేను తిరిగి తాగుతా" అని డ్రైవర్ రెండో టీ చెప్పాడు. అరగంట దాకా పట్టింది. మధ్యలో ఆపేస్తే మసి సగమే కాలి, మళ్లీ తొందరగానే దీపం వెలుగుతుందట, ట్రిప్పుల తొందరలో అలా ఆపేయడం కూడా మామూలేనని అతనే చెప్పాడు.

ఒక రీజెన్‌కి రెండు లీటర్లు అదనంగా పోతాయనుకుందాం. హైవే లారీకి వెయ్యి కిలోమీటర్లకోసారి అవసరమైతే, 4.3 మైలేజీ లెక్కన అది 232 లీటర్లలో రెండు లీటర్లు, ఒక శాతం కన్నా తక్కువ. టిప్పరుకి రెండొందల కిలోమీటర్లకే రీజెన్ వస్తే, 2.5 మైలేజీ లెక్కన 80 లీటర్లలో రెండు, అంటే రెండున్నర శాతం. దానికి తోడు బండి ఆగిన అరగంట, పోయిన ట్రిప్పు.

ఇంకో దాపరికం ఖర్చు ఉంది. ఎస్‌సీఆర్ పనిచేయాలన్నా పొగ సుమారు 200 డిగ్రీలు దాటాలి. చల్లటి పొగలో యూరియా చిమ్మితే సరిగ్గా విడిపోక తెల్లటి పెచ్చులుగా గొట్టంలో పేరుకుంటుంది. అందుకని తక్కువ లోడులో, ఐడిలింగ్‌లో పొగని వేడిగా ఉంచడానికి కంప్యూటర్ గాలి తగ్గించడం, టైమింగ్ వెనక్కి జరపడం లాంటివి చేస్తుంది. వాటికీ డీజిలే కావాలి. ఊళ్లో తిరిగే చిన్న లారీలు, చెత్త బళ్లు, టిప్పర్లు ఇక్కడ దెబ్బతింటాయి, హైవే బళ్లు ఈ ఊసే లేకుండా పోతుంటాయి. ఒకే రూల్, ఒకే ఇంజిన్, బాబాయి నోట రెండు తీర్పులు.

ఇదే టైమ్‌లో మారిపోయినవి ఇంకా చాలా ఉన్నాయి

"2016లో నా బండి ఇంత ఇచ్చేది, 2022లో ఇంతే ఇస్తోంది" అనే పోలికలో పెద్ద మోసం ఉంది, ఆ ఆరేళ్లలో రోడ్డు మీద పరిస్థితులే వేరైపోయాయి.

2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడు, అంటే ఒక్కో ఇరుసు మీద పడే బరువు హద్దులు పెంచింది. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ 10.2 నుంచి 11.5 టన్నులకి, తాండెం, అంటే జంట యాక్సిల్ 19 నుంచి 21కి వెళ్లాయి. కాటా దగ్గర ఎక్కువ లోడు చట్టబద్ధమైంది. ఎక్కువ బరువు మోస్తే లీటరుకు కిలోమీటర్లు తగ్గుతాయి, దానికీ పొగ రూల్‌కీ సంబంధం లేదు. పాత పది టైర్ల బండి 16 టన్నుల సరుకుతో 4.2 ఇచ్చేదనుకోండి, లీటరు డీజిల్‌తో 67 టన్నుల సరుకుని ఒక కిలోమీటరు మోసినట్టు. కొత్తది 18 టన్నులతో 4 మాత్రమే ఇస్తే 72 టన్నులు మోసినట్టు. కిలోమీటర్ల లెక్కలో ఓడిన బండి టన్నుల లెక్కలో ఏడు శాతం గెలిచింది.

మైలేజీకి కలిసొచ్చినవీ ఉన్నాయి. 2017లో జీఎస్‌టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి, 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది, టోల్ గేట్ల దగ్గర ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడే టైమ్ తగ్గింది. డీజిల్‌ని బాగా ఎక్కువ ఒత్తిడితో, సన్నటి తుంపరగా చిమ్మే కామన్ రైల్ పద్ధతి పొగ రూల్స్ పుణ్యమా అని పెద్ద లారీలన్నింటికీ వచ్చింది, అది మైలేజీకి మంచిదే. ఈ మేలు రూల్ ఖాతాలో రాయాలా, కంపెనీ ఖాతాలోనా అంటే నాకైతే రూల్‌దే అనిపిస్తుంది, లేకపోతే మనవాళ్లు ఇంకో పదేళ్లు పాత పంపుతోనే లాగించేవాళ్లు. ఇక 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. రేపు ఆ డీజిల్ కూడా బీఎస్ 6 నెత్తినే రుద్దుతారు చూడండి.

ఓనర్ల కోపం, అవతలి వాళ్ల మాట

ఓనర్ల వాదనలో బలం ఎక్కడుందంటే, వాళ్లకి అసలు నష్టం డీజిల్‌లో కాదు, బండి ఆగిపోవడంలో. సెన్సర్ ఒకటి పోతే ఊరి మెకానిక్ చేతిలో పని కాదు, ల్యాప్‌టాప్ ఉన్న సర్వీస్ సెంటర్‌కి పోవాలి. యూరియా ట్యాంకు అడుగంటినా, సిస్టమ్ పనిచేయకపోయినా ముందు ఇంజిన్ టార్క్‌లో, అంటే లాగే బలంలో పాతిక శాతం కోత పడుతుంది, అయినా పట్టించుకోకపోతే చివరికి బండి గంటకు 20 కిలోమీటర్లకు మించి పోదు. మధ్యరాత్రి లోడుతో ఉన్న బండికి ఇలా జరిగితే పోయే కిరాయి ముందు మైలేజీలో మిగిలిన పైసలు ఏ మూలకి? ఈ కోపంలోంచే యూరియా సిస్టమ్‌ని మభ్యపెట్టే చిన్న డబ్బాల వ్యాపారం పుట్టింది. అవి పెట్టడం చట్టవిరుద్ధం. పైగా మైలేజీ పరంగా చూసినా అందులో మిగిలేది యూరియా ఖర్చే, ఎందుకంటే ఇంజిన్ టైమింగ్ అప్పటికే మైలేజీ వైపు తిప్పి ఉంది. నాక్స్ మాత్రం కడిగేవాడు లేక మొత్తం బయటికొస్తుంది.

ఎరువుల యూరియాని నీళ్లలో కలిపి డీఈఎఫ్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. సబ్సిడీ బస్తా 45 కిలోలు 266 రూపాయల చిల్లరకే వస్తుంది కాబట్టి ఆశ పుడుతుంది. కానీ ఆ యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, మలినాలుంటాయి, అవి ఇంజెక్టర్‌ని, క్యాటలిస్టుని పాడుచేస్తాయి. 2025 ఖరీఫ్‌లో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు క్యూలో పెట్టి ఎదురుచూశారు, అలాంటి బస్తా లారీ ట్యాంకులో పోయిందంటే రెండు వైపులా నష్టమే.

అవతలి పక్షం మాట వేరు. హైవే పక్కన ఊళ్లలో, ఆటోనగర్ లాంటి చోట్ల రోజంతా పొగలో బతికే వాళ్లలో డ్రైవర్లు, క్లీనర్లే ముందుంటారు. నాక్స్, మసి ఊపిరితిత్తుల్లోకి పోయే విషాలు, వాటి ఆస్పత్రి బిల్లు ఏ లారీ పుస్తకంలోనూ కనిపించదు. ఒక బీఎస్ 3 లారీ వదిలినంత నాక్స్ వదలాలంటే, హద్దుల ప్రకారం చూస్తే, దాదాపు పదకొండు బీఎస్ 6 లారీలు కావాలి. రెండు మూడు శాతం డీజిల్ పోయినా ఇది లాభసాటి బేరమే అంటారు వాళ్లు. నేనూ ఆ పక్షమే, కాకపోతే ఆ రెండు మూడు శాతం ఒక్క చిన్న ఓనరే ఎందుకు కట్టాలనే ప్రశ్నకి వాళ్ల దగ్గర ఇంకా సరైన జవాబు లేదు.

మైలేజీకి వేరే రూల్ ఉంది

చాలామంది కలిపేసేది ఇదొకటి. డీజిల్ కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని ఏ ఫిల్టరూ ఆపదు, లీటరుకు సుమారు 2.6 కిలోలు రావాల్సిందే. దాన్ని తగ్గించాలంటే డీజిల్ తక్కువ కాల్చడమొక్కటే దారి, అంటే మైలేజీ పెంచాలి. దానికోసం మన దేశంలో వేరే ప్రమాణాలున్నాయి. పెద్ద లారీలకు మొదట 2017లో నోటిఫై చేశారు, బండిని గంటకు 40, 60 కిలోమీటర్ల స్థిరమైన స్పీడ్‌లో నడిపి ఎంత తాగిందో కొలవడం ఆ పరీక్ష పద్ధతి. స్థిరమైన స్పీడ్ అట! క్వారీ టిప్పరు పుట్టినప్పట్నుంచీ ఏ రోజూ అలా నడిచి ఉండదు.

ఈ రెండు రూల్సూ ముందు ముందు ఒకదాని కాలు ఒకటి తొక్కుతాయి కూడా. ఇంజిన్ మైలేజీ పెరగడమంటే డీజిల్‌లోని వేడిలో ఎక్కువ భాగం చక్రాలకి చేరడం, అంటే పొగ గొట్టంలోకి పోయే వేడి తగ్గడం. పొగ చల్లబడితే యూరియా సరిగ్గా పనిచేయదు, ఫిల్టర్‌లో మసి కాలదు. ఇంజినీర్లు గొట్టాన్ని ఇంజిన్‌కి దగ్గరగా జరపడం, దుప్పటి కప్పినట్టు వేడి పోకుండా చుట్టడం లాంటివి చేస్తున్నది అందుకే.

మొన్న బాబాయి పుస్తకంలో యూరియా ఖర్చుని డీజిల్ కాలమ్‌లోకి మార్చి మళ్లీ కూడి చూపించాను. హైవే లారీ ఇంకా లాభంలోనే ఉంది, కాకపోతే ఆయన అనుకున్నదాంట్లో సగం. టిప్పరు పాత బండి కన్నా కిలోమీటరుకు కొంచెం ఎక్కువే తింటోంది. కాసేపు చూసి, "మరి లోడింగ్ దగ్గర ఇంజిన్ ఆపమని వాడికి నేను రోజూ చెప్తూనే ఉన్నా కదరా" అన్నాడు. డ్రైవర్‌ని అడిగితే, ఆపితే ఎయిర్ దిగిపోతుందంటాడు, మళ్లీ బ్రేకులకి గాలి పట్టేదాకా బండి కదలదు, ఈలోపు వెనక బండి వాడు హారన్ కొడతాడు.